రెండు పోనీలు

సార్నియా
2019 జనవరి 20

హాలిఫాక్స్ అమ్మమ్మకి వర్షిణి దండాలు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. ఇంగ్లీషులో రాస్తే నువ్వు చదవవు. అందుకని మా ఇంట్లో ఉంటున్న ఐదుగురు అమ్మాయిల్లో పోస్టాఫీసు మొహం చూసేది నేనొక్కదాన్నే. ఎవరికే ఈ ఉత్తరాలు అని స్వీటీ ఒకటే నవ్వు. మా అమ్మమ్మ చెల్లెలికి, ఆవిడకి చెవులు పనిచేయవు, నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది అని చెప్పాను. కోపం తెచ్చుకోకు.

నాకు పార్ట్‌టైమ్ పని దొరికింది. కాలేజీ నుంచి ఇరవై నిమిషాల నడక. ఇక్కడ బస్సు కోసం నిలబడితే కాళ్ళు గడ్డకడతాయి గానీ బస్సు రాదు, కాబట్టి నడకే. అదొక కర్లింగ్ క్లబ్బు. ముందు వంటగదిలో సూపులు, శాండ్‌విచ్‌లు. రెండు వారాల నుంచి లోపల ఐస్ దగ్గర కూడా సాయం చేస్తున్నాను. ఐస్ చూసుకునే గోర్డన్ అనే పెద్దాయన వీపుకి నీళ్ళ డబ్బా తగిలించుకుని, వెనక్కి నడుస్తూ, ఐస్ మీద చినుకుల్లాగా నీళ్ళు చల్లుతాడు. ఆ చినుకులు గడ్డకట్టి గరుకుగా అయితేనే రాయి జారుతుందట. చూడగానే ఖమ్మంలో మీ అక్క, మా అమ్మమ్మ, పొద్దున్నే వాకిట్లో కల్లాపి చల్లడం గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళొచ్చాయి. నేనూ చల్లుతానన్నాను. డబ్బా ఇచ్చాడు. ఎక్కడ నేర్చుకున్నావు ఇంత సమంగా అన్నాడు. మా వాకిట్లో అన్నాను.

ఇక అసలు సంగతి. బుధవారం ఆడవాళ్ళ జట్టులో ఒకావిడ మంచులో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. నన్ను రమ్మన్నారు. ఆట చాలా తేలిక, అమ్మమ్మా. ఇరవై కిలోల రాయిని ఐస్ మీద జారవిడవాలి. దూరంగా గుండ్రటి గీతలుంటాయి, దాన్ని హౌస్ అంటారు, రాయి వెళ్ళి దాని మధ్యలో ఆగాలి. రాయి ముందు చీపురులాంటి బ్రష్షుతో గట్టిగా ఊడిస్తే అది ఇంకొంచెం దూరం పోతుంది, ఊడవకపోతే తొందరగా ఆగుతుంది. అంతే. మొదటిసారి రాయికంటే ముందు నేనే జారి హౌస్‌లోకి వెళ్ళాను.

అమ్మకి చెప్పకు. లైబ్రరీలో పని అని చెప్పాను.

నీ మనవరాలు,
వర్షిణి


హాలిఫాక్స్
2019 ఫిబ్రవరి 11

వర్షిణీ,

నోరు పనిచేస్తుందన్నావుగా, విను.

ప్రపంచంలో ఇన్ని పనులుండగా నీకు ఆ దిక్కుమాలిన ఆటే దొరికిందా? మీ తాతయ్య అమరేశ్వరరావు గారు డాక్‌యార్డులో ఇంజనీరు, నేను ఆసుపత్రి లాబులో. పదిహేనేళ్ళు ప్రతి మంగళవారం ఆయన ఆ ఆట ఆడారు. మా ఇంట్లో చీపురు ఎక్కడుంటుందో ఆయనకి చివరిదాకా తెలీదు. మంగళవారం సాయంత్రం మాత్రం చీపురు చంకన పెట్టుకుని పెళ్ళికొడుకులా బయల్దేరేవారు. చూసి నా కడుపు రగిలిపోయేది.

అది కూడా ఓర్చుకున్నాను. 1982 ఫిబ్రవరిలో నాకు నూటరెండు జ్వరం. ఆయన ట్రూరోలో పోటీ ఉందని నన్ను వదిలేసి రెండు రోజులు వెళ్ళిపోయారు. వేలెడంత కప్పు పట్టుకుని తిరిగొచ్చారు. ఎలా వెళ్ళబుద్ధయిందండీ అంటే, నువ్వే కదా పంపించావు అన్నారు. జ్వరంతో మూలుగుతున్నదాన్ని నేను పంపించానట. పోయేదాకా ఆయనదదే మాట, నాదదే గొడవ. అబద్ధాలు రాని మనిషి ఆ ఒక్క అబద్ధం ఎందుకు పట్టుకు వేలాడారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయన పోయి ఆరేళ్ళు, కప్పు ఇంకా అల్మారాలో ఉంది. తుడుస్తూనే ఉంటాను, తిడుతూనే ఉంటాను.

మంచి మనిషి కాదని కాదు. మేం కొత్తగా కారు కొన్న ఏడు, మంచులో కొండ రోడ్డు ఎక్కుతూ మధ్యలో ఆగిపోయారు. వెనక బస్సువాడు హారను. ఆయన బ్రేకు మీంచి కాలు తీయరు. నేను కళ్ళు గట్టిగా మూసుకుని, పోనీ, పోనీ, పోనీ అంటూనే ఉన్నాను. ఎక్కేశారు. తర్వాత ఏళ్ళ తరబడి నేను పక్కన కూర్చుని పోనీ అంటేనే గానీ ఆయన కాలు కదిలేది కాదు.

సరే, ఆడు. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు పంపుతున్నాను. చదువు చెడితే మాత్రం మీ అమ్మకి నేనే చెప్తాను.

చెవిటి అమ్మమ్మ,
దమయంతి


సార్నియా
2021 నవంబర్ 28

నోరున్న అమ్మమ్మకి,

ఇన్నాళ్ళకి రాస్తున్నందుకు తిట్టు, భరిస్తాను. కోవిడ్‌లో క్లబ్బు మూసేసి ఐస్ కరిగించేశారని నీకు రాశాను కదా. ఈ అక్టోబరులో మళ్ళీ వేశారు. మొదటి రోజు నీళ్ళు చల్లింది నేనే. గోర్డన్ నాకోసమే ఆ పని అట్టిపెట్టాడట.

కాలేజీ అయిపోయింది, మూడేళ్ళ వర్క్ పర్మిట్ వచ్చింది. ఒక గోడౌన్‌లో పని. నా అసలు ప్రమోషన్ మాత్రం క్లబ్బులో. ఆడవాళ్ళ జట్టుకి ఇప్పుడు స్కిప్ నేనే. స్కిప్ అంటే కెప్టెన్, ఎవరు ఏ రాయి ఎటు వేయాలో చెప్పేది. అమ్మకి ధైర్యం చేసి నిజం చెప్పేశాను, నేను స్కిప్ అయ్యానమ్మా అని. అక్కడే దెబ్బతిన్నాను. ఏం స్కిప్ చేశావే, ఉద్యోగమా, భోజనమా అని ఏడుపు మొదలుపెట్టింది.

ఇంకో మంచి వార్త. నాకు పార్ట్‌నర్ దొరికాడు. పేరు లోహిత్. అనకాపల్లి వాళ్ళు. వాళ్ళ నాన్న వీరభద్రరావు గారు ఆర్టీసీలో కండక్టరు. లోహిత్ ఇక్కడ కెమికల్ ప్లాంటులో కాంట్రాక్టు మీద చేస్తున్నాడు. మా ఇద్దరికీ బాగా కుదిరింది. నేను ఊడువు అంటే ఊడుస్తాడు, ఆగు అంటే ఆగుతాడు. అన్నీ తెలుగులోనే అరుస్తాం కాబట్టి అవతలివాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. ఏదో రహస్య భాష అనుకుంటున్నారు.

వర్షిణి


హాలిఫాక్స్
2021 డిసెంబర్ 15

అమ్మాయ్,

పార్ట్‌నర్ దొరికాడని మేజోళ్ళు దొరికినంత తేలిగ్గా రాసేస్తావా? నాలుగుసార్లు చదివాను. నువ్వు ఊడవమంటే ఊడుస్తాడా? ఆగమంటే ఆగుతాడా? నలభై ఏళ్ళ కాపురంలో నేను చూడని భాగ్యం ఇది. మాకేం అభ్యంతరం లేదు. కండక్టరు గారి అబ్బాయి కాబట్టి నలుగురిలో మసలడం తెలిసి ఉంటుంది. మీ అమ్మతో మాత్రం నువ్వే చెప్పుకో, నేను మధ్యలోకి రాను.

అబ్బాయికి నీలం స్వెట్టరు అల్లి పంపుతున్నాను. కొలత తెలీదు, మీ తాతయ్య కొలతకి అల్లాను. వదులైతే బాగా తినిపించు.

ఆశీస్సులతో,
దమయంతి


సార్నియా
2022 మార్చి 14

అమ్మమ్మా,

స్వెట్టరు లోహిత్‌కి సరిగ్గా సరిపోయింది. వేసుకుని అద్దంలో చూసుకుని, ఇంతకీ ఆవిడ నాకెందుకు అల్లింది అన్నాడు. నీ ఉత్తరం చూపించలేక చచ్చాను. పార్ట్‌నర్ అంటే ఆటలో పార్ట్‌నర్, అమ్మమ్మా! మిక్స్‌డ్ డబుల్స్ అంటే ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కలిసి ఆడే ఆట. అంతే. స్వెట్టరు మాత్రం వెనక్కి ఇవ్వనంటున్నాడు.

ఇప్పుడు ఏడుపు సంగతి. మొన్న శనివారం మా ప్రాంతం ఫైనల్స్. గెలిస్తే ప్రొవిన్షియల్స్‌కి, అంటే రాష్ట్రస్థాయి పోటీలకి, వెళ్తాం. ఏడు ఆటలు గెలిచి అక్కడిదాకా వచ్చాం. సమానంగా ఉంది, చివరి రాయి నాది. వదిలాను. చేతిలోంచి పోగానే తెలిసింది, కాస్త జోరు ఎక్కువైంది, ఊడవకుండా వదిలేస్తే సరిగ్గా మధ్యలో ఆగుతుంది. లోహిత్ రాయి పక్కనే బ్రష్షుతో పరుగెడుతున్నాడు. ఎప్పుడూ ఆగు అనేదాన్ని. ఆ కంగారులో నోటికి ఏమొచ్చిందంటే, పోనీ, పోనీ అని అరిచాను. వదిలెయ్ అని నా ఉద్దేశం. వాడు చిన్నప్పటి నుంచీ వాళ్ళ నాన్న బస్సులో తిరిగినవాడు. రైట్, పోనీ అంటే వాడికి బండి నడపమని. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఊడ్చాడు. రాయి మధ్య చుక్క దాటి, హౌస్ దాటి, వెనక గోడకి కొట్టుకుంది. ఓడిపోయాం.

కారులో తిరిగొస్తున్నాం. పెట్రోలు బంకు దగ్గర వాడే అన్నాడు, "పోనీ అంటే పొమ్మనే కదా?" నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి.

నీతో ఒక మాట అడగాలి. లండన్‌లో, ఆ పెద్ద లండన్ కాదు, సార్నియాకి గంట దూరంలో ఉన్న మా లండన్‌లో, ప్యాకింగ్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చింది. ఏడాది చేస్తే పీఆర్‌కి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోవడానికి, అప్లై చేయొచ్చు. వచ్చే ఏడాది సెప్టెంబరుతో నా పర్మిట్ అయిపోతుంది, కాబట్టి ఉద్యోగం వదలడానికి లేదు. కానీ శని, ఆదివారాలు షిఫ్టు. ఆటలన్నీ ఆ రెండు రోజులే. బతిమాలి షిఫ్టులు మార్చుకుంటూ ఆడొచ్చు, కష్టం. లేదా మానేయొచ్చు. అమ్మని అడిగితే వెంటనే మానేయమంటుంది. లోహిత్‌ని అడిగితే ఆడమంటాడు. ఈ ఆట ముఖం చూడనిదానివి నువ్వొక్కదానివే, నీకే పక్షమూ లేదు. ఆట లాగించనా, వదిలేయనా? ఒక్క మాట రాయి చాలు. నువ్వు ఏమంటే అదే చేస్తాను. ఒట్టు.

వర్షిణి


హాలిఫాక్స్
2022 ఏప్రిల్ 2

వర్షిణీ,

కుడికంటికి ఆపరేషన్ అయింది. కట్టు ఉంది, గీతలు కనపడవు, కార్డు మీద వంకరగా రాస్తున్నాను. ఒక్క మాట చాలన్నావుగా.

పోనీ.

అమ్మమ్మ


లండన్
2022 మే 22

అమ్మమ్మకి,

కన్ను ఎలా ఉంది? చుక్కలు మర్చిపోకుండా వేసుకో.

నువ్వు చెప్పినట్టే చేశాను. లోహిత్‌కి కూడా నీ మాట చెప్పాను. ఆవిడంటే గౌరవం, ఆవిడ చెప్పాక ఇంకేముంది అన్నాడు. మే రెండు నుంచి ఇక్కడ ఉద్యోగం. గది యూనివర్సిటీ దగ్గర, కింద గ్రాసరీ, పైన నేను.

కొన్నాళ్ళు ఆట గురించి నన్నేమీ అడగకు అమ్మమ్మా. నేనూ రాయను. ఏమీ అనుకోకు.

నీ
వర్షిణి


హాలిఫాక్స్
2022 నవంబర్ 6

వర్షిణీ,

రెండు కళ్ళూ వచ్చాయి. ఇన్నాళ్ళూ మా ఇల్లు ఎంత దుమ్ముగా ఉందో చూసి సిగ్గుపడ్డాను.

అడగొద్దన్నావని ఆరు నెలలు అడగలేదు. దిష్టి తగులుతుందని భయపడుతున్నావనుకున్నాను. నీ వయసులో నాకూ ఉండేది ఆ భయం. కానీ ఇంక నా వల్ల కాదు. విను. మార్చి నెలలో ఇక్కడి క్లబ్బులో మిక్స్‌డ్ డబుల్స్ పోటీ ఉంది. మీ తాతయ్య ఆడిన క్లబ్బే. నేను ఫెర్రీ ఎక్కి, బస్సు మారి, స్వయంగా వెళ్ళాను. నలభై ఏళ్ళలో ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. బల్ల దగ్గర కూర్చున్న పిల్ల ఏదో అడిగింది, నాకు వినపడక కాగితం మీద రాయించుకున్నాను. మీ ఇద్దరి పేర్లూ ఇచ్చి వచ్చాను. పైన రెండు గదులూ దులిపి పెట్టాను. రెండు గదులు అన్నాను, చదువుకో, మళ్ళీ నన్ను తిట్టకు.

విడిగా పొడుగు పార్సిలు వస్తుంది. మీ తాతయ్య చీపురు. పాతది, ఆడటానికి పనికిరాదేమో. నా మాట విని ఉద్యోగమూ ఆటా రెండూ చేసుకుంటున్న పిల్లకి కాకపోతే ఇంకెవరికిస్తాను?

గర్వంతో,
దమయంతి


లండన్
2022 నవంబర్ 17

అమ్మమ్మా,

చీపురు వచ్చింది. ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను.

నేను ఆడటం లేదు. ఏప్రిల్ నుంచీ రాయి ముట్టుకోలేదు. వదిలేయమన్నది నువ్వే కదా. ఆట లాగించనా, వదిలేయనా అని నేనడిగితే, పోనీ అని రాశావు. పోనీలే, పోతే పోనీ అనే కదా? ఆ కార్డు చూసి రాత్రంతా ఏడ్చి, పొద్దున లేచి బూట్లు స్వీటీకి ఇచ్చేశాను. నువ్వు కూడా అలా అన్నావే అని ఎంత కష్టమేసిందో నీకు తెలీదు. అందుకే అడగొద్దన్నాను. ముందు నుంచి వెళ్ళేటప్పుడు కూడా ఇక్కడి క్లబ్బు వైపు చూసేదాన్ని కాదు.

నీ ఉత్తరం రాగానే లోహిత్‌కి ఫోన్ చేశాను. వాడికి ఇన్నాళ్ళూ అమ్మమ్మ మానేయమంది అనే చెప్పాను గానీ నువ్వు రాసిన మాట చెప్పలేదు. కార్డు ఫొటో తీసి పంపాను. వాడు మెసేజ్ పెట్టాడు, "ఇది మా నాన్న పోనీ కదా. రోజుకి రెండొందల సార్లు అంటాడు."

చెప్పు అమ్మమ్మా. నువ్వు రాసింది ఏ పోనీ?

వర్షిణి


హాలిఫాక్స్
2022 డిసెంబర్ 1

తల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

పొమ్మనే పోనీ. కొండ మీద మీ తాతయ్యతో అన్న పోనీ. ఆగిపోకు, నడుపు, నేను పక్కనున్నాను అని. కంటికి కట్టుతో కూర్చుని, నేను చెప్పగలిగిన అన్ని ధైర్యాలూ ఆ ఒక్క మాటలో పెట్టాననుకున్నాను. పక్కన కూర్చుని అంటే గొంతు తెలిసేది. కార్డుకి గొంతెక్కడిది? చెవులు పోయినదాన్ని నాకైనా తెలిసుండాలి ఆ సంగతి. నీ ఏడాది పాడుచేశాను. నన్ను క్షమించు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇది ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి నాకే ఇప్పుడు తెలిసింది. 1982లో ఆయన మంచం పక్కన నిలబడి, ట్రూరో వెళ్ళనా మాననా అని అడిగారు. నేను గోడవైపు తిరిగి పడుకుని ఒక్క మాటే అన్నాను. నీ ఉత్తరం చదువుతుంటే అది పిడుగులా గుర్తొచ్చింది. పోనీ అన్నాను. ఈసారికి పోనివ్వండి, మానేయండి అని నా ఉద్దేశం. పాపం ఆయనకి తెలిసింది కారులో పోనీ ఒక్కటే. నేను ఆ మాట అంటే బండి కదిలించడమే ఆయనకి అలవాటు.

నువ్వే కదా పంపించావు అని ముప్ఫై ఏళ్ళు చెప్పారు. ముప్ఫై ఏళ్ళు అబద్ధాలకోరు అన్నాను. నిజమే చెప్పారు వర్షిణీ. నిన్న ఆ కప్పు తీసి ఫొటో ముందు పెట్టి, తప్పు నాదేనండీ అన్నాను. గట్టిగానే అన్నాను, నాకు వినపడకపోయినా ఆయనకి వినపడాలని.

నీ విషయంలో అంత ఆలస్యం కాకూడదు. మార్చికి రండి. స్వీటీని అడిగి బూట్లు వెనక్కి తీసుకో.

దమయంతి


లండన్
2023 ఏప్రిల్ 3

ఫెర్రీ అమ్మమ్మకి,

క్షేమంగా చేరాం. నువ్వు కట్టిచ్చిన పులిహోర విమానం ఎక్కకముందే అయిపోయింది, లోహిత్ పుణ్యమా అని. ఆ మూడు రోజుల కోసం ఆరు వారాలు అందరి షిఫ్టులూ నేనే చేశాను. అరవై వారాలైనా చేసేదాన్ని.

ఓడిపోయిన ఫైనల్ సంగతి వదిలెయ్. సెమీఫైనల్లో ఆ చివరి రాయి గురించి నువ్వు అడిగావు, లోహిత్ సిగ్గుపడి మాట మార్చేశాడు. ఇప్పుడు రాస్తున్నాను. ఇంక ఆ మాట అననని ఒట్టు పెట్టుకునే ఐస్ మీదికి వెళ్ళాను. ఊడువు, ఆగు, ఈ రెండే. రాయి వదిలాక చూస్తే జోరు తక్కువైంది, మధ్యలోకి చేరేలా లేదు. నోరు తెరిస్తే వచ్చింది మళ్ళీ అదే, పోనీ అని. వాడు పరుగెడుతూనే తలెత్తి, "ఏ పోనీ?" అన్నాడు.

"మీ నాన్న పోనీ!"

ఊడ్చాడు చూడు, ఇక ఆగలేదు. రాయి చుక్క మీద ఆగింది.

ఇప్పుడు మళ్ళీ నీకో ప్రశ్న. మే రెండుకి ఉద్యోగంలో ఏడాది నిండుతుంది, పీఆర్‌కి అప్లై చేసేస్తాను. నీ కార్డు తప్పు చదవబట్టే ఇంత కుదురుగా ఏడాది నిండింది, కాబట్టి నువ్వు పాడుచేసిందేమీ లేదు. అప్లికేషన్ పెట్టాక వారాంతం షిఫ్టు మానేసి, చిన్న ఉద్యోగంలోకి మారి, లోహిత్‌తో ప్రొవిన్షియల్స్‌కి పూర్తిగా తయారవ్వాలని ఉంది. హోదా తగ్గుతుంది. అమ్మ మళ్ళీ ఏడుస్తుంది. నాకు భయంగానే ఉంది. ఏమంటావు?

వర్షిణి


హాలిఫాక్స్
2023 ఏప్రిల్ 14

వర్షిణీ,

ఆ రోజు అద్దాల వెనక మూడో వరసలో కూర్చున్నాను. చుట్టూ అందరూ లేచి నోళ్ళు తెరుస్తున్నారు. నాకు ఒక్క అరుపూ వినపడలేదు. నీ పెదాలే చూస్తున్నాను. రెండు అక్షరాలు. చదివేశాను. ఈ పిల్లాడు మళ్ళీ ఎటు అర్థం చేసుకుంటాడో అని ముందుకు వంగాను. తలెత్తి నిన్ను అడగడం చూశాను. నలభై ఏళ్ళ కిందట మీ తాతయ్య కూడా ఒక్కసారి అలా తిరిగి అడిగి ఉంటే బాగుండేదనుకున్నాను. అడిగేలా నేను మొహం ఇటు తిప్పి ఉన్నా బాగుండేది.

మంచి పిల్లాడు. ఇంతకంటే ఒక్క ముక్క కూడా రాయను, మళ్ళీ ఆటలో పార్ట్‌నర్ అంటావు.

నీ ప్రశ్నకి జవాబు కింద ఉంది. ఈసారి పొరపాటు జరగకుండా పక్కన కారు బొమ్మ వేశాను. నాకు బొమ్మలు రావు, నాలుగు చక్రాలు లెక్కపెట్టుకో. స్టీరింగు ముందు ఉన్నది నువ్వు. పక్కన కళ్ళు తెరుచుకుని కూర్చున్న ముసలిది నేను.

పోనీ.